తాళంచెవి

పడవల షెడ్డు వెనకున్న మరుగుదొడ్డికి
తాళం వేసింది నేనే.
కుర్రాళ్ళు లోపల దూరి సిగరెట్లు కాలుస్తున్నారని.
తాళంచెవి నా కోటు జేబులో,
గాలాల పొట్లం పక్కన.

ఇది ముందే చెప్పేస్తున్నాను.
తర్వాత చెప్పే ధైర్యం ఉంటుందో ఉండదో.

క్లాక్స్‌విక్‌లో ఏప్రిల్ అంటే ఇంకా వేళ్ళు కొంకర్లు పోయే కాలం.
ఆరు తెడ్లు, ఆరుగురు కుర్రాళ్ళు,
చుక్కాని దగ్గర గొంతు చించుకునే నేను.
మూడో తెడ్డు హోగ్నిది. పదిహేనేళ్ళు.
నిరుడు వాడి భుజాలు చూసి మురిసిపోయాను.
ఈ ఏడు ఆ భుజాల మీద చొక్కా
కొయ్యకు తగిలించినట్టుంది.
రాత్రంతా ఫోను చూస్తున్నాడనుకున్నాను,
ఏది తోస్తే అదే నిజమనుకునే వయసు నాది.

మార్నర్ ముక్కు పగలగొట్టాడు.
ఏమన్నాడురా అంటే,
కంపు కొడుతున్నావన్నాడట.
మరో వారం నీళ్ళ మధ్య తెడ్డు విసిరేశాడు.
ఆ శుక్రవారమే మరుగుదొడ్డి తలుపు తన్ని
పై కీలు ఊడగొట్టాడు.

కోపం వీడికి ముక్కు మీదే ఉంటుందన్నాను.
కడుపుమంట అన్నారు తోటివాళ్ళు,
మార్నర్‌ని ముందు తెడ్డుకి మార్చానని.
చూశారా, ఎంత దగ్గరికి వచ్చామో!
మాట సరిగ్గానే దొరికింది,
దాని అర్థం మాత్రం
మా పక్కనుంచే నడిచి వెళ్ళిపోయింది.

షెడ్డు గోడ మీది పట్టీలో
వాడి పేరు కొట్టేశాను. రెండు గీతలు.
ఒకటి చాలదనిపించింది.

వాళ్ళమ్మ బిర్నా చేపల ఫ్యాక్టరీ నుంచి
రబ్బరు ఏప్రన్‌తోనే వచ్చింది.
పోట్లాడుతుందనుకున్నాను.
"రాత్రిళ్ళు స్నానాలగదిలోనే పడుకుంటున్నాడు" అంది.
"తలుపు కొడితే బూతులు.
తెల్లవారుజామున దుప్పట్లు తనే ఉతుక్కుంటున్నాడు.
ఒకటి దాచలేకపోయాడు.
నేను చూశాను."
ఏం చూసిందో చెప్పలేదు.
ఏప్రన్ మీది చేపల నెత్తురు
అరచేత్తో తుడుచుకుంటూ నిలబడింది.

సముద్రం అడుగు సొరంగంలోంచి కారు నడిపింది నేనే.
వెనక సీట్లో వాడు కిటికీకి నుదురు ఆనించి,
దారిలో రెండుసార్లు ఆపమన్నాడు,
రెండోసారి ఆపేలోపే...
సరే. అది వాడి సంగతి.

పెద్దపేగు నిండా పుళ్ళు, అంది టోర్స్‌హావ్న్ డాక్టరమ్మ,
నెలల నాటివి.
ఆ కోపం కూడా అక్కణ్ణుంచేనా అని అడిగాను.
అవునంటే బాగుండు, నా గీతలకి క్షమాపణ దొరికేది.
"పేగు నుంచి మెదడుకి దారి ఉంది" అంది,
"మెదడు నుంచి పేగుకీ అదే దారి.
ఎవరు ముందు బయల్దేరారో నేను చెప్పలేను.
రోజుకి పద్నాలుగుసార్లు నెత్తురు చూసుకుని,
ఎవరికీ చెప్పుకోలేక, నిద్రలేక ఉన్న పిల్లాణ్ణి
శాంతంగా ఉండమని మాత్రం అడగలేను.
ఇంకోటి, ఇప్పుడిచ్చే మందు
కొన్నాళ్ళు చిరాకు పెంచొచ్చు. ఓర్చుకోండి."

సూది గుచ్చిన చెయ్యి దిండు మీద పెట్టుకుని
వాడు గోడతో చెప్పినట్టు చెప్పాడు:
"ఆ తలుపు తన్నింది నీ మీద కోపంతో కాదు.
టైం లేదు."

ఆ మాట నా కడుపులో పెట్టుకున్నాను.
అరగడం లేదు.

ఆగస్టులో తిరిగొచ్చాడు.
మందుకి బుగ్గలు ఉబ్బి, చిన్నప్పటి మొహం.
మార్నర్‌కి ఇంతవరకూ సారీ చెప్పలేదు.
మొన్న ఊరికే సీగల్ మీదికి రాయి విసిరాడు,
అది జబ్బో, మందో, పదిహేనేళ్ళో,
నేను లెక్క వెయ్యడం మానేశాను.

తాళం తీసి సముద్రంలో వేశాను.
తాళంచెవి మాత్రం ఇంకా జేబులోనే ఉంది,
చెయ్యి పెట్టినప్పుడల్లా గుచ్చుకోడానికి.

ఇప్పుడు మా పడవలో ఒక నియమం:
హోగ్ని చెయ్యెత్తితే ఒడ్డుకి.
ఎందుకని ఎవరూ అడగకూడదు.
మార్నర్ ఒక్కడే గొణుగుతాడు.
గొణుగుతూనే
అందరికంటే ముందు తెడ్డు తిప్పుతాడు.